చిలుకూరు బాలాజీ గుడి: పదకొండుకీ నూట ఎనిమిదికీ నడుమ

లంగర్‌హౌజ్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. చిలుకూరు బాలాజీ గుడి మాకు గంట ప్రయాణం. చిన్నప్పుడు పెద్దవాళ్ల వెంట వెళ్లిన జ్ఞాపకం ఉంది గాని, సొంత పని మీద వెళ్లింది రెండేసార్లు. 2019 ఆగస్టులో పదకొండు ప్రదక్షిణలు చేయడానికి, 2024 నవంబరులో నూట ఎనిమిది చేయడానికి. ఆ మధ్య ఐదేళ్లూ నేను ఆ స్వామికి బాకీదారుణ్ని. ఈ స్వామికి మొక్కుకుంటే వీసా వస్తుందన్న కథలు చాలామంది రాశారు. నేను రాయదలుచుకున్నది వేరు. అక్కడికి మనం పట్టుకెళ్లేది నమ్మకమా, ఆశా? నా భార్య అడిగిన ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఐదేళ్లు పట్టింది.

తెలియనివారికి ముందుగా అక్కడి పద్ధతి చెబుతాను. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న చిన్న గుడి ఇది. మనం గండిపేట అని పిలుచుకునే చెరువు అదే. కోరిక ఉన్నవారు గుడి చుట్టూ పదకొండుసార్లు తిరిగి స్వామికి విన్నవించుకుంటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి నూట ఎనిమిదిసార్లు తిరుగుతారు. లెక్క తప్పకుండా అంకెల గళ్లున్న కార్డు ఉంటుంది. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గడి కొట్టేసుకోవాలి. హుండీ లేదు. ప్రత్యేక దర్శనం టికెట్టు లేదు. ఎంత పెద్దవారు వచ్చినా అందరితోపాటు వరుసలో నిలబడాల్సిందే. బండి పెట్టుకున్నందుకు రుసుము, కొబ్బరికాయకూ పూలకూ తులసికీ పెట్టే ఖర్చు, ఇవన్నీ గుడి బయట. లోపల మన జేబు వైపు చూసేవారు లేరు.

కొట్టు మీద కూర్చునేవాణ్ని కాబట్టి నాకు అక్కడ అన్నిటికంటే ముందు కనిపించింది ఇంకొకటి. పదకొండు తిరిగేటప్పుడు ఎవరూ మన పేరు రాసుకోరు. ఏ ఊరని అడగరు. ఏం కోరుకున్నామో చెప్పమనరు. పని అయ్యాక మనం తిరిగి రాకపోతే కబురు పంపేవారు లేరు. ముందు సరుకు, తరువాత చెల్లింపు, మధ్యలో పద్దు రాసే పుస్తకమే లేదు. దీనిని మా వ్యాపారంలో అరువు అంటారు, మా వీధిలో ఉద్దెర అంటారు. ఇంత పెద్ద ఉద్దెర ఇంత నిశ్చింతగా నడిచే చోటు నేను మరొకటి చూడలేదు.

2019 జులైలో నా భార్య మెడ పక్కన చిన్న గడ్డ కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతని ఎవరో అన్నారు, ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. డాక్టరు ముక్క పరీక్ష చేయాలన్నారు. గడ్డలో నుంచి తీసిన ముక్కను మందునీళ్లున్న చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, పేరు రాసిన చీటీ అంటించి నా చేతికిచ్చారు. ల్యాబుకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఐదు రోజుల తరువాత రమ్మన్నారు. రసీదు జేబులో పెట్టుకుని, కొట్టుకు వెళ్లకుండా, మెహదీపట్నంలో చిలుకూరు బస్సు ఎక్కాను.

అప్పా జంక్షన్ దాటాక చేవెళ్ల దారిలో రెండు వైపులా పాత మర్రిచెట్లు వస్తాయి. ఆ నీడలో బస్సు పోతుంటే ఒక ఆలోచన పట్టుకుంది. ముక్క సీసాలో ఉంది. అందులో ఉన్నదేదో ఇప్పటికే ఉంది. నేను పదకొండు తిరిగినా పదకొండు వేలు తిరిగినా ఆ సీసాలోది మారదు. మరి నేను ఏం అడగడానికి వెళుతున్నాను? జవాబు దొరకలేదు. బస్సు దిగిపోలేదు కూడా.

ఆ రోజు నేను చేసిన ప్రార్థన అంతా రెండే మాటలు: క్యాన్సర్ కాకూడదు. పదకొండు చుట్లూ అదే. స్వామి ముఖం ఎలా ఉందో చూసిన గుర్తు లేదు. నా ముందు నడుస్తున్న అమ్మాయి పాస్‌పోర్టును గుండెకు అదుముకుని ఉండటం గుర్తుంది. మైకులో అర్చకులు ఏదో చెబుతున్నారు, ఒక్క మాట తలకెక్కలేదు. పదకొండో చుట్టు పూర్తయినప్పుడు మనసు తేలికపడలేదు. ఇంకో పదకొండు చేద్దామా అనిపించింది. ఆశ లక్షణం అది. ఎంత చేసినా ఇంకాస్త చేస్తే అవుతుందేమో అనిపిస్తుంది.

ఇంటికి వెళ్లి చిలుకూరు వెళ్లి వచ్చానని చెప్పాను. ఆమె కళ్లకద్దుకుని ప్రసాదం తీసుకుని, తరువాత అడిగింది. "మీరు నమ్మి వెళ్లారా, ఆశపడి వెళ్లారా?" ఆమె పదో తరగతితో చదువు ఆపిన మనిషి. మాటలను మాత్రం పప్పులో రాళ్లు ఏరినట్టు ఏరుతుంది. రెండూ ఒకటే కదా అన్నాను. "ఒకటే అయితే మీకు నిద్ర ఎందుకు పట్టడం లేదు?" అంది.

నిజమే. ఆ ఐదు రాత్రులూ ఆమె నిద్రపోయింది. గడ్డ ఉన్న మనిషి గోడవైపు తిరిగి, ఎప్పటిలాగే సన్నగా గురక పెడుతూ నిద్రపోయింది. గడ్డ లేని నేను మెలకువగా పడుకుని ఫ్యాను చూశాను. ఆమె ఏ మొక్కూ మొక్కలేదు. పొద్దున దీపం పెట్టేది, వంట చేసేది, రాత్రి పడుకునేది. ఏమయినా ఆయన చూసుకుంటాడు అన్న మాట కూడా పైకి అనలేదు.

మా ఖాతా పుస్తకంలో కూడా ఈ తేడా ఉంది. కొన్ని పేర్ల కింద పద్దు రాశాక ఆ సంగతి మరిచిపోతాను. నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది, రెండు రోజులు ఆలస్యమైనా నేను తల ఎత్తి చూడను. ఇంకొన్ని పేర్లు ఉంటాయి. రాసేటప్పుడే చేయి ఆగుతుంది, అయినా వాళ్ల ఇంట్లో పిల్లలున్నారని రాస్తాను. ఇరవై ఎనిమిదో తేదీ నుంచి వీధి చివరకు చూస్తుంటాను. మొదటి రకం నమ్మకం. రెండో రకం ఆశ. పుస్తకంలో రెండూ ఒకే సిరాతో ఉంటాయి, పైనుంచి చూసేవారికి తేడా తెలియదు. రాసినవాడికి తెలుస్తుంది. 2019 ఆగస్టులో నేను స్వామి పేరును ఆ రెండో రకం పేర్లలో రాసుకున్నాను. ఇది చెప్పడానికి బాధగా ఉంది, కాని అదే నిజం.

ఆశను నేను తక్కువ చేయడం లేదు. 2024 ఏప్రిల్ 19న, సంతానం లేనివారికి చిలుకూరులో గరుడ ప్రసాదం పెడతారన్న వార్త విని నగరం నలుమూలల నుంచి జనం బయలుదేరితే, ఆ వైపు దారులన్నీ గంటల తరబడి నిలిచిపోయాయి. ఎండాకాలం మధ్యలో ఒక ముద్ద ప్రసాదం కోసం కదిలిన ఆ దంపతులను చూసి నవ్వినవారు ఉన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆశ మనిషిని కనీసం ఇంట్లో నుంచి బయటికి తెస్తుంది. నన్నూ అదే తెచ్చింది.

ఐదో రోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, క్షయ. గ్రంథికి కూడా క్షయ వస్తుందని నాకు అప్పటివరకూ తెలియదు. ఆరు నెలల మందులు: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు. అన్నీ ప్రభుత్వం ఉచితంగానే ఇచ్చింది. మందులిచ్చే నర్సు మా కొట్టుకే వచ్చే అమ్మాయి. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, కంగారుపడవద్దని ముందే చెప్పి మా భయం సగం తగ్గించింది. బాగుందనిపించినా మధ్యలో మానవద్దని మరీ మరీ హెచ్చరించింది. ఆమె క్రైస్తవురాలు. ఒకసారి పాల ప్యాకెట్ కోసం వచ్చినప్పుడు నా భార్య అడిగిన ప్రశ్న ఆమెకు చెప్పాను. "మా దగ్గర ఆశ అనరు అంకుల్, నిరీక్షణ అంటారు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ, మూడూ వేరువేరుగా చెబుతారు" అంది.

నిరీక్షణ అంటే మామూలు తెలుగులో ఎదురుచూపు. ఆ మాట నాకు నచ్చింది. ఆశపడేవాడు ఫలితం వైపు చూస్తాడు, ఎదురుచూసేవాడు వచ్చే మనిషి వైపు చూస్తాడు. ఎదురుచూస్తూ రోజుకు ఇన్ని మాత్రలని మింగవచ్చు, కొట్టు తెరవవచ్చు, బియ్యం తూచవచ్చు. ఆ ఆరు నెలలూ మా ఇంట్లో ఉన్నది అదేనేమో.

మా కొట్టుకు వచ్చే మరో పెద్దాయన ఆచారిగారు. బెల్లం ముక్కను గోటితో గీసి చూసిగాని కొనరు. ఆయన ఇంకాస్త లోతుకు తీసుకెళ్లారు. శరణాగతికి ఆరు అంగాలు చెప్పారట పెద్దలు. 'కాపాడతాడు' అన్న విశ్వాసం ఒక అంగం. 'నువ్వే కాపాడు' అని వేడుకోవడం వేరే అంగం. అంటే నమ్మడం, అడగడం ఒకటి కాదని మన పెద్దలు ఎప్పుడో విడదీసి పెట్టారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే పట్టుకుని వేలాడుతుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. శ్రీవైష్ణవుల్లో వడగలై వారు మొదటి పోలిక, తెంగలై వారు రెండో పోలిక చెబుతారని ఆచారిగారు వివరించారు. "మీరు కోతిపిల్ల, మీ ఇంటావిడ పిల్లిపిల్ల. తల్లికి ఇద్దరూ బిడ్డలే" అన్నారు. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

చిలుకూరు స్థలపురాణం కూడా ఆ పిల్లితల్లి కథే అని నాకు తరువాత తోచింది. ఏటా తిరుమలకు వెళ్లే భక్తుడొకడు జబ్బుపడి వెళ్లలేకపోతే, స్వామి కలలో కనిపించి నీ దగ్గరలోనే ఉన్నానని చెప్పాడని కథ. పుట్టను తవ్వుతుంటే గునపం దెబ్బ తగిలి విగ్రహం నుంచి రక్తం వచ్చిందంటారు. రాలేనివాడి దగ్గరికి తానే వచ్చి, పైగా దెబ్బ కూడా తిన్నాడు.

ఇక నా బాకీ సంగతి. 2020 ఫిబ్రవరిలో మందుల కోర్సు పూర్తయింది. గడ్డ కరిగిపోయింది. ఆ నెలలోనే వెళ్లి నూట ఎనిమిది చేయవలసింది. వెళ్లలేదు. శివరాత్రి అమ్మకాలు అయ్యాక అనుకున్నాను. మార్చిలో గుళ్లన్నీ మూసేశారు. తెరిచాక జనంలోకి వెళ్లడానికి భయం. ఆ తరువాత కొట్టు నష్టాలు, కొడుకు పెళ్లి. ప్రతి కారణమూ నిజమే. నా దగ్గర బాకీ పడ్డవారు చెప్పే కారణాలు కూడా నిజమే అయి ఉంటాయి, నేను వినిపించుకోలేదంతే. నాలో ఇంకో మూల ఇంకో లెక్క కూడా నడిచింది. సీసాలో ఉన్నది నేను గుడికి వెళ్లకముందే క్షయ కదా, అలాంటప్పుడు ఆయన ఇచ్చిందేమిటి, నేను తీర్చాల్సిందేమిటి? ఐదేళ్లు ఆ లెక్క వెనుక దాక్కున్నాను.

దానిని విరిచింది మా కొట్టులోనే జరిగిన ఒక సంఘటన. 2024 అక్టోబరులో ఒక పెద్దావిడ వచ్చి, కొడుకుతో వేరే ఊరు వెళ్లిపోకముందు నా దగ్గర నాలుగు వందల అరవై రూపాయలు బాకీ ఉందని చెప్పి లెక్కపెట్టి ఇచ్చింది. పాత పుస్తకాలు వెతికాను. ఆ పద్దు లేదు. రాయడం మరిచానో, పుస్తకమే పోయిందో. నా దగ్గర లేదమ్మా అంటే, "నీ పుస్తకంలో లేకపోతే ఏమయ్యా, నాకు తెలుసు కదా" అంది.

అప్పుడు నాకు విశ్వాసం అనే తెలుగు మాట పూర్తిగా అర్థమైంది. కుక్కకు విశ్వాసం ఉంది అంటాం. అది ఏదో ఒక సంగతిని నిజమని నమ్ముతుందని మన అర్థం కాదు, అన్నం పెట్టిన చేతిని మరవదని. విశ్వాసఘాతకుడు అంటే నమ్మనివాడు కాదు, తనను నమ్మినవారిని ముంచినవాడు. నమ్మకం నేను ఎదుటివాడి మీద పెట్టేది. విశ్వాసం, ఎదుటివాడు నా మీద పెట్టిన నమ్మకాన్ని నేను నిలబెట్టేది కూడా. నమ్మి వెళ్లారా, ఆశపడి వెళ్లారా అని నా భార్య అడిగితే, నేను స్వామిని ఎంత నమ్మానో కొలుచుకుంటూ కూర్చున్నాను. ఆ గుడిలో నమ్మి ఉద్దెర ఇచ్చింది ఆయన. పేరు రాసుకోకుండా, పూచీ అడగకుండా పదకొండు చుట్ల మనిషిని ఇంటికి పంపింది ఆయన. అందుకే విశ్వాసం నమ్మకానికే దగ్గర అంటాను. ఆ నమ్మకం మొదలయ్యేది మాత్రం నా దగ్గర కాదు.

నవంబరులో ఇద్దరం వెళ్లాం, మంగళవారం చూసుకుని. శుక్రవారం నుంచి ఆదివారం వరకూ రద్దీ ఎక్కువ, నూట ఎనిమిది చేయాలనుకునేవారు ఆ రోజులు వదిలేయడం మేలు. తెల్లవారాక త్వరగా చేరితే ఇంకా మంచిది, మేము మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఎండాకాలంలో అయితే ఆ వేళ వద్దు, వట్టికాళ్లతో నడవాలి. బయట చెప్పులు చూసుకునే ఒకాయన తిరిగి వెళ్లేటప్పుడు ముందు చెప్పినదానికి రెట్టింపు అడిగాడు. చెప్పులు బండిలోనో సంచిలోనో పెట్టుకోవడం ఉత్తమం. సొంతంగా ఒక పెన్సిల్ తెచ్చుకోండి. కార్డును తడి చేతితో పట్టుకోకండి, నాది ముప్పైల దగ్గర చెరిగి రెండు చుట్లు అనుమానంలో పడితే మళ్లీ చేశాను.

మొదటి ఇరవై చుట్లు లెక్క మీదే పోయాయి. కుర్రవాళ్లు దాదాపు పరుగు పెడతారు, భుజాలు తగులుతాయి, ఒకతను ఫోనులో స్థలం బేరం మాట్లాడుతూనే గళ్లు కొట్టుకుంటున్నాడు. విసుగు వచ్చింది. నలభై దాటాక మోకాళ్లు వయసును గుర్తు చేశాయి. అరవై దగ్గర ఎవరో పక్కకు జరిగి లోపలి అంచున నాకు దారి ఇచ్చారు, అక్కడ చుట్టు చిన్నదవుతుంది. ఆ తరువాత అంకెలు తగ్గి మనుషులు కనిపించడం మొదలైంది. పదకొండు వాళ్లను ముఖం చూసి పోల్చవచ్చు. పెదవులు కదులుతుంటాయి, కళ్లు నేల మీద ఉంటాయి. నూట ఎనిమిది వాళ్లు అలిసిపోయి ఉంటారు, పక్కవాళ్లను చూసి నవ్వుతారు. ఒక తాతగారు మనవడి చేయి పట్టుకుని నడుస్తూ, మనవడి కార్డులో గళ్లు తాను కొడుతున్నారు. ఎవరి మొక్కు ఎవరు తీరుస్తున్నారో అడగలేదు.

ఈ గుడి అక్కన్న మాదన్నల కాలం నాటిదని చెబుతారు. రామదాసుకు వారు మేనమామలు. ఆయనను బంధించిన గోల్కొండ కోట మాకు కూతవేటు దూరం. ఆ చెరసాలలో కూర్చుని ఆయన సీతమ్మ నగలకు ఎంతయిందో లెక్క చెప్పి రాముణ్ని నిలదీశాడు. డెబ్బయ్యో చుట్టులో ఇది గుర్తొచ్చి నడక ఆగినంత పనయింది. ఆశ పెట్టుకున్నవాణ్ని మనం తిట్టలేం, ఎక్కడ కోపం వస్తుందోనని బతిమాలతాం. పద్దు ముందు పెట్టి నిలదీయగలిగేది నమ్మినవాణ్నే. నేను 2019లో బతిమాలాను. ఈసారి నడుస్తూ నడుస్తూ, ఆ సీసా సంగతి ఏమిటని నిలదీశాను. ఐదేళ్లు మనసులో కుక్కుకున్నదంతా అడిగేశాను. జవాబు రాలేదు. కోపం కూడా రాలేదు, ఆయనకు గాని నాకు గాని. స్వామి ముఖాన్ని అప్పుడు చూశాను. వెలుతురు తక్కువ, పూలు ఎక్కువ, అయినా చూశాను.

పెద్దవారికి ఒక మాట. మోకాళ్ల నొప్పి ఉంటే మధ్యలో కూర్చుని లేచి చేయవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నీళ్ల సీసా దగ్గర ఉంచుకోండి. పక్కనే శివాలయం కూడా ఉంది, అక్కడ కాస్త నిమ్మళంగా ఉంటుంది. డబ్బు లేక గుడికి వెళ్లడానికి జంకేవారు నిరభ్యంతరంగా వెళ్లవచ్చు, బస్సు చార్జీ చాలు. కోరిక తీరనివారు ఏం చేయాలో నేను చెప్పలేను. నాకు తీరింది కాబట్టి ఇంత రాయగలిగాను. రిపోర్టు మరోలా వచ్చి ఉంటే నా భార్య అలాగే నిద్రపోయేదని నాకు నమ్మకం ఉంది. నా గురించి నాకు ఆ నమ్మకం లేదు.

నూట ఎనిమిదో గడి కొట్టేసరికి ఆరు దాటింది. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఆమెను కూర్చోబెట్టిన చోటికి వెళ్లాను. కొబ్బరిచిప్ప ఒళ్లో పెట్టుకుని, స్తంభానికి తల ఆనించి నిద్రపోతోంది. ఇంత గోల మధ్య, ఇంతమంది అడుగుల చప్పుడు మధ్య. మెడ మీద ఆ చిన్న మచ్చ దీపాల వెలుగులో కనిపిస్తోంది. లేపలేదు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. మేము ఎక్కాలనుకున్న బస్సు వెళ్లిపోయింది, తరువాతి దానికి నలభై నిమిషాలు ఆగాం.